పేజీ మీద "10 ఏళ్ల వారంటీ" అని ఒక్క ముక్క రాస్తే చాలదా? కొనేవాళ్లకి వారంటీ వివరాలు ఎలా చూపించాలి

గల్లాపెట్టె అడిగిన ప్రశ్న:

ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, ఇన్వర్టర్ బ్యాటరీలు, ఫోన్లు, కొంత కంప్యూటర్ సామాను అమ్మే ఆన్‌లైన్ స్టోర్‌కి కేటలాగ్ సరిచేస్తున్నాం. ఇప్పుడు ప్రతి వస్తువుకీ "వారంటీ" అని ఒకే ఒక్క గడి ఉంది. కంపెనీ పంపిన షీట్‌లో ఏముంటే అదే అందులో పడుతోంది. ఒకచోట "1 ఇయర్", ఇంకోచోట "12ఎం", ఫ్రిజ్‌లకి "1+9", బ్యాటరీలకి "36+24". కొన్నిటికి అసలు ఖాళీ. పేజీలో "10 ఏళ్ల వారంటీ" చూసి ఫ్రిజ్ కొన్నవాళ్లు మూడో ఏట తలుపు గాస్కెట్ (తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ) పోయిందని ఫోన్ చేస్తారు. అది వారంటీలో లేదనేసరికి గొడవ మొదలు.

తెలిసినవాళ్లు చెప్పాల్సినవి మూడు. ధర పక్కన పైన ఏ అంకె చూపించాలి? కింద వివరాల్లో ఎంతవరకు రాయాలి (వారంటీ కార్డు మొత్తం దించితే ఎవరూ చదవరు కదా)? వారంటీని బట్టి వడకట్టే ఫిల్టర్ పెట్టమంటున్నారు, అది దేని మీద పనిచేయాలి?

---

కేటలాగ్ మేస్త్రి జవాబు:

ముందు ఆ ఒక్క గడిని విడగొట్టండి. పేజీ మీద ఎలా కనపడాలన్నది తర్వాతి సంగతి. లోపల వివరం సరిగ్గా లేకపోతే పైన ఎంత ముస్తాబు చేసినా ఫోన్లు ఆగవు.

ఒక వస్తువుకి ఎన్ని వారంటీ వరసలైనా ఉండొచ్చు అనుకుని పట్టిక కట్టండి. ఒక్కో వరసలో ఉండాల్సినవి: దేనికి వారంటీ (మొత్తం వస్తువుకా, కంప్రెసర్‌కా, మోటార్‌కా, ఛార్జర్, రిమోట్ లాంటి వాటికా), ఎంతకాలం, ఏ రోజు నుంచి లెక్క, వాడకం మీద పరిమితి ఏమైనా ఉందా, చెడితే ఏం చేస్తారు (రిపేరా, మార్పిడా, కొత్తదాని మీద తగ్గింపా), విడిభాగం ఖర్చు ఎవరిది, లేబర్ ఎవరిది, మెకానిక్ ఇంటికి వచ్చినందుకు చార్జీ ఎవరిది, సర్వీస్ ఎక్కడ (ఇంటికి వస్తారా, మనమే మోసుకెళ్లాలా, కొరియర్ చేయాలా), వారంటీ ఇస్తున్నది ఎవరు (తయారీదారా, దిగుమతిదారా, అమ్మేవాళ్లా). ఎక్కువ పేజీల్లో కనిపించనివి చివరి ఐదు. గొడవలు లేచేదీ అక్కడే.

కాలానికి అంకె ఒక గడి, ప్రమాణం ఒక గడి. అన్నిటినీ నెలల్లోకి మార్చి పారేద్దాం అనిపిస్తుంది, తొందరపడకండి. 90 రోజులూ 3 నెలలూ ఒకటి కాదు. జూలై 1న కొంటే 3 నెలలంటే 92 రోజులు. ఆఖరి రెండు రోజుల్లో వచ్చిన క్లెయిమ్ దగ్గర ఈ తేడాయే తగువవుతుంది. కంపెనీ రాసిన ప్రమాణం అలాగే ఉంచి, వడకట్టడానికి మాత్రం నెలల్లోకి మార్చిన అంకె లోపల ఇంకోటి దాచుకోండి.

ఖాళీ గడి విషయం ఇంకా ముఖ్యం. ఖాళీకి మూడు అర్థాలుంటాయి: వారంటీ లేదు, వారంటీ ఉంది కానీ వివరం మన దగ్గరికి రాలేదు, ఈ రకం సరుకుకి వారంటీ అన్న మాటే వర్తించదు. మూడిటికీ మూడు వేర్వేరు విలువలు పెట్టండి. ఖాళీని "వారంటీ లేదు" అని చూపించే టెంప్లేట్లు ఉన్నాయి. విలువ సున్నా అయితే ఆ వరసనే మాయం చేసే టెంప్లేట్లూ ఉన్నాయి. రెండోది ఇంకా చెడ్డది. వారంటీ లేని వస్తువు పేజీలో ఆ మాటే లేకపోతే కొనేవాళ్లు "మామూలుగా ఏడాది ఉంటుందిలే" అనుకుంటారు.

ఇక పైన చూపించే అంకె. మొత్తం వస్తువుకి వర్తించే కాలమే అక్కడ ఉండాలి. విడిభాగం కాలం చూపించవచ్చు, కానీ విడిభాగం పేరు లేకుండా ఆ అంకె ఎక్కడా ఒంటరిగా కనపడకూడదు. బొమ్మ మీద అంటించే బ్యాడ్జీలోనూ, సెర్చ్ ఫలితాల్లోనూ అంతే.

ఫ్రిజ్‌కి ఇలా రాయొచ్చు:

"మొత్తం ఫ్రిజ్‌కి 1 ఏడాది. కంప్రెసర్‌కి మాత్రం 10 ఏళ్లు (మొదటి ఏడాది కలుపుకుని). బిల్లు తేదీ నుంచి లెక్క. సర్వీస్ ఇంటి దగ్గరే.
రెండో ఏడాది నుంచి: కంప్రెసర్ ఉచితం. గ్యాస్ నింపడం, లేబర్, మెకానిక్ వచ్చే చార్జీ మీరే కట్టాలి.
వారంటీలోకి రానివి: గాస్కెట్, బల్బు, గాజు అరలు, ప్లాస్టిక్ భాగాలు."

ఇది నమూనా మాత్రమే, మీ కంపెనీ కార్డులో ఉన్నదాన్ని బట్టి మార్చుకోండి. "మొదటి ఏడాది కలుపుకుని" అన్న మాట మాత్రం వదలొద్దు. ఒకే ఏర్పాటుని ఒక కంపెనీ "1+9" అంటుంది, ఇంకొకరు "1+10" అంటారు. రెండోవాళ్లది పదా, పదకొండా? కంపెనీని రాతపూర్వకంగా అడిగి, "కొన్న రోజు నుంచి ఇన్నేళ్లు" అనే రూపంలోకి మార్చాకే పేజీకి ఎక్కించండి.

కంప్రెసర్ వారంటీ గురించి కొనేవాళ్లకి తెలియాల్సిన ఇంకో సంగతి ఉంది. కంప్రెసర్ మార్చడమంటే పాతది తీసి కొత్తది పెట్టడంతో అయిపోదు. ఫిల్టర్ డ్రైయర్ మార్చాలి, పైపులు మళ్లీ బ్రేజింగ్ చేయాలి, లైన్‌ని వ్యాక్యూమ్ చేసి గ్యాస్ కొత్తగా నింపాలి. విడిభాగానికి మాత్రమే వారంటీ ఉంటే ఇవన్నీ కొన్నవాళ్ల మీదే పడతాయి. పైగా ఇన్వర్టర్ కంప్రెసర్‌ని (అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే రకం) నడిపేది ఒక ఎలక్ట్రానిక్ బోర్డు. కరెంటు హెచ్చుతగ్గులకి కంప్రెసర్ కన్నా ముందు దెబ్బతినేది తరచుగా ఆ బోర్డే. కార్డులో విడిగా రాయకపోతే అది కంప్రెసర్ వారంటీలోకి రాదు. వాషింగ్ మెషీన్‌లోనూ ఇదే వరస. మోటార్‌కి 10 ఏళ్లు ఉంటుంది. డ్రెయిన్ పంపు, ఇన్‌లెట్ వాల్వ్, తలుపు లాక్, డ్రమ్ బేరింగ్, బోర్డు మాత్రం మొత్తం మెషీన్‌కి ఇచ్చిన కాలంతోనే ముగుస్తాయి.

---

సర్వీస్ కౌంటర్ జవాబు:

మేస్త్రి గారు చెప్పిన గడుల్లో "ఏ రోజు నుంచి లెక్క" అన్నది చూడ్డానికి చిన్నదే, క్లెయిమ్ దగ్గర మొదట తేలాల్సింది అదే. బిల్లు తేదీ, డెలివరీ తేదీ, బిగించిన తేదీ, రిజిస్టర్ చేసిన తేదీ, తయారీ తేదీ, వీటిలో ఏదైనా కావచ్చు. బిల్లు చూపించలేకపోతే చాలా కంపెనీలు సీరియల్ నంబర్‌లోంచి తయారీ నెల తీసి అక్కడి నుంచి లెక్కేస్తాయి. గోడౌన్‌లో ఎనిమిది నెలలు పడున్న సరుకైతే ఆ ఎనిమిది నెలలూ కొన్నవాళ్ల ఖాతాలోంచే పోయినట్టు.

కాబట్టి "బిల్లు దాచుకోండి" అని పేజీలో రాసి చేతులు దులుపుకోకండి. థర్మల్ కాగితం మీద అచ్చయిన బిల్లు రెండు మూడేళ్లలో వెలిసిపోయి తెల్లకాగితం అవుతుంది. కంప్రెసర్‌కి 10 ఏళ్లు అని రాశారంటే, కొన్నవాళ్ల అకౌంట్‌లో ఆ బిల్లు 10 ఏళ్లూ డౌన్‌లోడ్ అయ్యేలా ఉంచాలి. బిల్లు మీద పూర్తి మోడల్ నంబర్ (చివరి అక్షరాలతో సహా), సీరియల్ నంబర్, ఫోన్ అయితే ఐఎంఈఐ ఉండాలి. మోడల్ చివరి అక్షరం తేడా వస్తే రంగో, ఏడాదో, వారంటీయో మారిపోవచ్చు.

క్లెయిమ్ తిరగ్గొట్టడానికి మామూలుగా చూపించే కారణాలు: పగుళ్లు, సొట్టలు, లోపలికి నీళ్లు వెళ్లడం, సీరియల్ స్టిక్కర్ చిరగడం లేదా చదవడానికి వీల్లేకపోవడం, బయటి మెకానిక్ విప్పడం, వోల్టేజీ దెబ్బ, ఇంటికని కొన్నదాన్ని హోటల్లోనో హాస్టల్లోనో పెట్టడం. చివరిది పేజీల్లో ఎవరూ రాయరు. ఇంటి వాడకానికి ఏడాది ఇచ్చే వస్తువుకి వ్యాపార వాడకంలో కొన్ని కంపెనీలు కొన్ని నెలలకు కుదిస్తాయి, కొన్ని అసలు ఇవ్వవు. వ్యాపారస్తులు మీ దగ్గర కొంటున్నారంటే ఈ మాట ధర దగ్గరే ఉండాలి.

ఫోన్ల సంగతి. పేజీ పైన "ఐపీ68, నీళ్లను తట్టుకుంటుంది", కింద ఎక్కడో "ద్రవాల వల్ల జరిగిన నష్టానికి వారంటీ లేదు". రెండూ నిజమే. ఐపీ67 అంటే 1 మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు. ఐపీ68 అయితే అంతకన్నా కఠినమైన షరతులు, ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారీదారే చెప్పాలి. ఈ పరీక్షలు కొత్త ఫోన్ మీద మంచినీళ్లతో చేసేవి. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, ఒకసారి కిందపడి అంచు సడలిన ఫోన్, వీటికీ ఆ పరీక్షకీ పొత్తు లేదు. చాలా ఫోన్లలో లోపల, ఎక్కువగా సిమ్ ట్రే దారిలో, తడి తగిలితే తెలుపు నుంచి ఎరుపుకి మారే చిన్న గుర్తు ఉంటుంది. అది ఎర్రబడితే కౌంటర్ దగ్గర మాట అక్కడితో ఆగిపోతుంది. అందుకని ఏ వాక్యంలో ఐపీ68 అని గొప్ప చెప్తారో, ఆ వాక్యం పక్కనే ఈ మినహాయింపూ రాయండి. పైన ఊరించి అడుగున కాదనడం చూసినప్పుడే కొన్నవాళ్లకి మోసపోయామనిపిస్తుంది.

ఇన్వర్టర్ బ్యాటరీ "36+24" గురించి అడిగారు. మొదటి 36 నెలల్లో తయారీ లోపం తేలితే ఉచితంగా ఇంకోటి. 37 నుంచి 60 నెలల వరకు ప్రోరేటా, అంటే కొత్త బ్యాటరీ మీద కొంత శాతం తగ్గింపు, నెలలు గడిచేకొద్దీ ఆ శాతం తగ్గుతుంది. దాన్ని "60 నెలల వారంటీ" అని చూపించడం తప్పుదారి పట్టించడమే. లెక్క చూడండి. లిస్టు ధర 100 అనుకుందాం. ప్రోరేటాలో 30 శాతం తగ్గింపు వస్తే కట్టాల్సింది 70. ఈ తగ్గింపుని సాధారణంగా లిస్టు ధర మీదే ఇస్తారు. అదే బ్యాటరీ బయట 80కే దొరుకుతుంటే నిజంగా మిగిలేది 10, అంటే పన్నెండున్నర శాతం. పాత బ్యాటరీ కంపెనీకి అప్పగించాలి. బయట కొంటే ఆ పాతదాన్నే ఎక్స్‌చేంజ్‌లో వేసుకోవచ్చు, సీసానికి విలువ ఉంటుంది కదా. అది కూడా కలిపితే ఆఖరి నెలల్లో ప్రోరేటా వల్ల ఏమీ మిగలకపోవచ్చు.

మార్చి ఇచ్చిన బ్యాటరీకి వారంటీ మళ్లీ మొదటి నుంచి రాదు. 30వ నెలలో మారిస్తే, ఉచితం ఇంకో 6 నెలలు, ఆపైన ప్రోరేటా 24 నెలలు. మొదటి బిల్లు తేదీయే లెక్క. ఇదొక్క వాక్యం పేజీలో పెట్టండి.

ఇంకోటి: కౌంటర్‌కి తెచ్చిన వెంటనే బ్యాటరీ మార్చరు. ముందు పూర్తిగా ఛార్జ్ చేసి, ఆరు సెల్స్‌లోనూ హైడ్రోమీటర్‌తో యాసిడ్ సాంద్రత చూస్తారు. ఒక సెల్ మాత్రం పడిపోయి మిగతా ఐదూ బాగుంటే లోపం కింద లెక్క. ఆరూ ఒకే తీరుగా తక్కువ చూపిస్తే ఛార్జింగ్ చాలలేదని తిప్పి పంపుతారు. దీనికి ఒకటి రెండు రోజులు పడుతుందని ముందే రాస్తే "ఇప్పుడే మార్చండి" అనే పేచీ ఉండదు.

---

గల్లాపెట్టె:

ఇద్దరికీ ధన్యవాదాలండి. ఒక చిక్కు. పోటీ సైట్లన్నీ ఫ్రిజ్ బొమ్మ మీద "10 ఏళ్లు" అనే పెడుతున్నాయి. మేము ఒక్కళ్లం "1 ఏడాది" అని పెడితే మా దగ్గర ఉన్నది నాసిరకం అనుకుంటారని మా వాళ్ల భయం. ఇంకా ఎక్స్‌టెండెడ్ వారంటీ ప్లాన్లు కూడా అమ్ముతున్నాం, వాటిని ఎక్కడ, ఎలా చూపించాలి?

---

చిన్నక్షరాలు జవాబు:

బ్యాడ్జీ విషయంలో మేస్త్రి గారంత పట్టుదల నాకు లేదు. "కంప్రెసర్‌కి 10 ఏళ్లు" అని బొమ్మ మీద పెట్టుకోండి, "కంప్రెసర్" అన్న మాట 10 అంకె ఎంత సైజులో ఉందో అంతే సైజులో ఉండాలి. పక్కనే "మొత్తం ఫ్రిజ్‌కి 1 ఏడాది". పోటీవాళ్లది కంప్రెసర్ సంగతేనని కొనేవాళ్లకి అర్థమయ్యేది కూడా మీ పేజీ చూశాకే. మీ వాళ్ల భయానికి అది మందు.

చట్టం మాట. ఇది దేశాన్ని బట్టి మారుతుంది, మీరు అమ్మే చోట ఏముందో చూసుకోవాల్సిందే. తీరు తెలియడానికి రెండు ఉదాహరణలు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ప్రకారం రాతపూర్వక వారంటీ మీద అది పూర్తిదా, పరిమితమా అన్నది ఉండాలి, షరతులు కొనకముందే చదువుకునే వీలుండాలి. 2015లో వచ్చిన సవరణతో తయారీదారు వాటిని వెబ్‌సైట్‌లో పెట్టి ఆ దారి చూపించినా సరిపోతుంది. యూరోపియన్ యూనియన్‌లో అమ్మినవాళ్లదే కనీసం 2 ఏళ్ల చట్టబద్ధమైన బాధ్యత, తయారీదారు ఇచ్చే వారంటీ దానికి అదనం. అక్కడ ఇంకో నియమం ఉంది: చట్టం ఎలాగూ ఇస్తున్న హక్కుని తామేదో ప్రత్యేకంగా ఇస్తున్నట్టు ప్రచారం చేసుకోకూడదు. మీరు ఎక్కడ అమ్మినా ఈ విభజన పాటించండి. చట్టం ఇచ్చే హక్కు ఒక పెట్టెలో, కంపెనీ వారంటీ ఒక పెట్టెలో, డబ్బు పెట్టి కొనే ప్లాను ఇంకో పెట్టెలో. మూడూ కలిపి "3 ఏళ్ల రక్షణ" అని రాశారంటే ఏది ఎవరు తీర్చాలో మీ సపోర్ట్ వాళ్లకే తెలియదు.

మీ సైట్ రిటర్న్ గడువు కూడా ఇందులో కలిసిపోకుండా చూడండి. వస్తువు వచ్చిన పదో రోజున చెడితే రిటర్నా, డెడ్ ఆన్ అరైవల్ (వచ్చేసరికే చెడి ఉండటం) కింద మార్పిడా, వారంటీ రిపేరా? మూడిటికీ ఫోన్ చేయాల్సిన చోటు వేరు. చెడిన రోజుని బట్టి ఎవరిని అడగాలో రెండు లైన్లలో చెప్పేస్తే చాలు: "మొదటి ఇన్ని రోజులు మాకు, ఆ తర్వాత కంపెనీ సర్వీస్‌కి".

ఎక్స్‌టెండెడ్ ప్లాన్లు. పేరుకి వారంటీయే గానీ చాలావరకు అది సర్వీస్ ఒప్పందమో, బీమా లాంటిదో. ఇచ్చేది వేరే కంపెనీ. పేజీలో తప్పనిసరిగా ఉండాల్సినవి: ఎవరు ఇస్తున్నారు, ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు ముగుస్తుంది, ఒక్కో క్లెయిమ్‌కి మనం కట్టాల్సింది ఉందా, మొత్తం ఎంతవరకు భరిస్తారు, తరుగుదల తీస్తారా, ఒకసారి వస్తువు మార్చి ఇస్తే ప్లాను అక్కడితో ముగుస్తుందా. "2 ఏళ్ల ప్లాను" కొన్నవాళ్లు ఈ రోజు నుంచి 2 ఏళ్లు అనుకోవచ్చు, కంపెనీ వారంటీ అయ్యాక 2 ఏళ్లు అనుకోవచ్చు. చెడిపోవడాన్ని కాసే ప్లాన్లు సాధారణంగా కంపెనీ వారంటీ ముగిసిన మర్నాడు మొదలవుతాయి. కిందపడటం, తడవడం లాంటి ప్రమాదాలను కాసేవి కొన్న రోజు నుంచే నడుస్తాయి. "ఏళ్లు" అని వదిలేయకుండా కార్ట్‌లో అసలు తేదీలే చూపించండి, ఈ అయోమయం అక్కడే పోతుంది. ఆ గడిలో ముందే టిక్ పెట్టి ఉంచకండి.

"లైఫ్‌టైమ్ వారంటీ" అని కంపెనీ షీట్‌లో కనపడితే ఆగండి. ఎవరి జీవితకాలం? కొన్నవాళ్లదా, వస్తువుదా, ఆ మోడల్ మార్కెట్లో ఉన్నంతకాలమా? మోడల్ తయారీ ఆపాక ఇన్నేళ్ల వరకు అని రాసుకునేవాళ్లు ఉన్నారు, మొదట కొన్నవాళ్లకి మాత్రమే అనేవాళ్లూ ఉన్నారు. ఆ నిర్వచనం పక్కన లేకుండా ఆ మాట పేజీలో పెట్టొద్దు.

ఒక సాంకేతిక జాగ్రత్త కూడా. కంపెనీ పీడీఎఫ్‌కి లింకు ఇచ్చి ఊరుకుంటే, వచ్చే ఏడు వాళ్లు ఆ ఫైలు మార్చేస్తారు, లేదా ఆ లింకే చచ్చిపోతుంది. అమ్మిన రోజున ఉన్న షరతులే ఆ కొనుగోలుకి వర్తిస్తాయి. కాబట్టి ఫైలు కాపీని తేదీతో మీ దగ్గర దాచి, ప్రతి ఆర్డర్‌కీ ఆ రోజు చూపించిన వారంటీ పాఠాన్ని జోడించి ఉంచండి. వస్తువు పేజీని సరిదిద్దితే పాత ఆర్డర్లలో పాఠం మారిపోకూడదు.

---

కొలతపట్టీ జవాబు:

ఏళ్లతో పాటు వాడకానికి కూడా హద్దు ఉండే వారంటీలను ఎవరూ వివరంగా ఎత్తలేదు. "ఏది ముందైతే అది" అన్న షరతు ఉన్నప్పుడు ఏళ్లను మాత్రమే పైన చూపిస్తే సగం దాచినట్టే. రెండు హద్దులూ ఒకే లైన్‌లో ఉండాలి, రెండో హద్దుని రోజువారీ లెక్కలో చెప్పాలి.

1 టీబీ ఎస్‌ఎస్‌డీకి (కంప్యూటర్‌లో డేటా దాచే డ్రైవ్) "5 ఏళ్లు లేదా 600 టీబీడబ్ల్యూ" అని ఉంటుంది. మొత్తం 600 టెరాబైట్లు రాసేవరకు అన్నమాట. 5 ఏళ్లంటే 1,825 రోజులు, అంటే రోజుకి దాదాపు 329 జీబీ. ఇంట్లో కంప్యూటర్‌కి ఆ హద్దు ఎప్పటికీ తగలదు, "భయపడక్కర్లేదు" అని చెప్పినట్టే. కానీ అదే డ్రైవ్‌ని 16 సీసీటీవీ కెమెరాల రికార్డింగ్‌కి పెడితే? ఒక్కో కెమెరా సెకనుకి 4 మెగాబిట్లు అనుకుంటే మొత్తం 64 మెగాబిట్లు, అంటే 8 మెగాబైట్లు. రోజుకి 691 జీబీ. 868 రోజుల్లో వారంటీ అయిపోతుంది, రెండేళ్ల నాలుగు నెలల చిల్లర. 5 ఏళ్లు అన్న అంకె వాళ్లకి అబద్ధమే.

ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలకి బాగా కనిపించే హద్దు 8 ఏళ్లు లేదా 1,60,000 కి.మీ., సామర్థ్యం 70 శాతం కన్నా తగ్గితే. సొంత కారు అయితే నెలకి 1,667 కి.మీ. తిరిగినా 8 ఏళ్లూ వస్తుంది. రోజుకి 200 కి.మీ. తిరిగే టాక్సీకి 800 రోజులే. 70 శాతం అన్నది కూడా రాయాలి. మైలేజీ కొంచెం తగ్గిందని వచ్చినవాళ్లకి 82 శాతం చూపించి పంపేస్తే కోపం మీ మీదికే వస్తుంది.

సోలార్ ప్యానెళ్లలో "25 ఏళ్ల వారంటీ" అంటే చాలావరకు పర్ఫార్మెన్స్ వారంటీ. ప్యానెల్ పగిలినా, ఫ్రేమ్ ఊడినా కాసే ప్రోడక్ట్ వారంటీ దానికన్నా తక్కువ కాలం, 10, 12 ఏళ్లు ఉండేవి చాలా ఉన్నాయి. పర్ఫార్మెన్స్‌కి రాత ఇలా ఉంటుంది: మొదటి ఏడాది 2.5 శాతం తగ్గొచ్చు, తర్వాత ఏడాదికి 0.7 శాతం. 24 ఏళ్లకి 16.8 పోతుంది, 25వ ఏడాది చివర 80.7 శాతం మిగలాలి. దాన్ని ప్రామాణిక పరీక్ష పరిస్థితుల్లో కొలుస్తారు, చదరపు మీటరుకి 1,000 వాట్ల వెలుగు, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. మిట్టమధ్యాహ్నం వేడెక్కిన కప్పు మీద, దుమ్ము పట్టిన ప్యానెల్ నుంచి వచ్చే కరెంటుని చూసి క్లెయిమ్ వేయలేం. సోలార్ ఇన్వర్టర్‌ది పూర్తిగా వేరే వారంటీ, ఒకే కిట్‌గా అమ్మినా దాని వరస విడిగా ఉండాలి.

టైర్లకి ప్రోరేటాని అరుగుదలతో లెక్కేస్తారు. కొత్త టైరు గాడి లోతు 8 మి.మీ., అరుగుదల హద్దు గుర్తు 1.6 మి.మీ. దగ్గర. వాడుకోగలిగింది 6.4. లోపం బయటపడేసరికి గాడి 4.8 ఉంటే మిగిలింది 3.2, అంటే సగం. సగం విలువ వాళ్లది, సగం మీది. ఇలా ఒక్క ఉదాహరణ పేజీలో పెడితే పేరా అంత షరతుల కన్నా మేలు.

పరుపులకి మాత్రం కాలం కన్నా గుంత లోతు ముఖ్యం. ఎన్ని మి.మీ. దిగితే లోపంగా ఒప్పుకుంటారో ప్రతి కంపెనీ తన కార్డులో రాస్తుంది. ఎవరూ పడుకోనప్పుడు, అంచు నుంచి అంచుకి దారం లాగి కొలవాలి. ఒత్తితే దిగే మెత్తదనం లెక్కలోకి రాదు. మరక పడిన పరుపుని చాలామంది అసలు ముట్టుకోరు. ఆ మి.మీ. అంకె పేజీ మీద లేకపోతే "10 ఏళ్లు" అన్నదానికి అర్థం లేదు.

---

కేటలాగ్ మేస్త్రి:

చిన్నక్షరాలు గారి బ్యాడ్జీ సలహాతో నాకు ఇబ్బంది ఏంటంటే, పెద్ద స్క్రీన్ మీద సమానంగా కనపడిన అక్షరాలు మొబైల్‌లో థంబ్‌నెయిల్ అయ్యేసరికి 10 ఒక్కటే మిగులుతుంది. బొమ్మలో కలిపి అచ్చేసిన బ్యాడ్జీ స్క్రీన్ రీడర్‌కి (చూపులేనివాళ్లకి పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) అందదు కూడా. పెట్టాలనుకుంటే బొమ్మ మీద కాకుండా కింద అక్షరాల రూపంలో పెట్టండి. అక్కడ నాకు అభ్యంతరం లేదు.

ఫిల్టర్ మొత్తం వస్తువు వారంటీ మీదే పనిచేయాలి. "2 ఏళ్లు, ఆపైన" నొక్కితే కంప్రెసర్‌కి 10 ఏళ్లున్న 1 ఏడాది ఫ్రిజ్‌లు రాకూడదు. కంప్రెసర్, మోటార్ వారంటీలకి ఆ రకం వస్తువుల్లో మాత్రమే కనపడే వేరే ఫిల్టర్ ఇవ్వండి. బ్యాటరీలకి ఉచిత మార్పిడి నెలలే ఫిల్టర్‌లోకి వెళ్లాలి, ప్రోరేటా నెలలు వద్దు. వివరం రాని వస్తువులు ఏ కాలం కిందా రాకూడదు.

కాంబో ఆఫర్లలో ల్యాప్‌టాప్‌కి ఉన్న వారంటీ బ్యాగ్‌కీ మౌస్‌కీ అంటుకుపోతుంటుంది. కాంబోకి సొంత అంకె ఇవ్వకుండా ఒక్కో వస్తువు వరస విడిగా చూపించండి. ల్యాప్‌టాప్‌లోనే మళ్లీ బ్యాటరీ సంగతి ఉంది. మొత్తం మెషీన్‌కి 3 ఏళ్లున్నా బ్యాటరీకి 1 ఏడాదే ఇచ్చేవాళ్లు చాలామంది.

సెర్చ్ ఇంజిన్ల కోసం స్కీమా డాట్ ఆర్గ్ పద్ధతిలో (పేజీ వివరాలను సెర్చ్ ఇంజిన్లు చదివేలా కోడ్‌లో రాసే తీరు) వివరాలు ఇస్తుంటే, ఆఫర్ కింద వారంటీకి వేరే చోటుంది. కాలం, ప్రమాణం, పరిధి విడివిడిగా ఇవ్వొచ్చు. అందులోనూ మొత్తం వస్తువు కాలమే ఇవ్వండి. పేజీలో ఒకటి, కోడ్‌లో ఒకటి ఉంటే ఎప్పుడో ఒకరోజు అదే స్క్రీన్‌షాట్ మీ ముందుకొస్తుంది.

పెట్టాక పరీక్ష తేలిక. ఆ వస్తువు గురించి తెలియని వాళ్లకి ఫోన్‌లో పేజీ ఇచ్చి మూడు ప్రశ్నలడగండి. 14వ నెలలో గాస్కెట్ పోతే ఖర్చు ఎవరిది? ఆరో ఏట కంప్రెసర్ పోతే మీ చేతి నుంచి దేనికి పడుతుంది? మొదట ఎవరికి ఫోన్ చేస్తారు? అర నిమిషంలో జవాబు దొరక్కపోతే మాటలు కాదు, చోటు మార్చండి. వివరం ఉన్నా మడతపెట్టిన పెట్టెలో దాక్కుని ఉంటుంది.

---

గల్లాపెట్టె:

పాత కేటలాగ్‌లో ఉన్న "1+9", "36+24" లాంటి వాటిని స్క్రిప్ట్‌తో ఒకేసారి కొత్త గడుల్లోకి మార్చేయొచ్చా?

---

సర్వీస్ కౌంటర్:

ఒకే స్క్రిప్ట్‌తో వద్దండి. కూడిక గుర్తు అన్నిచోట్లా ఒకలాగే కనపడుతుంది, చెప్పేది మాత్రం వేరు. ఫ్రిజ్‌లో రెండో అంకె కంప్రెసర్‌ది, బ్యాటరీలో ప్రోరేటాది. ఫోన్లలో "1+1" అంటే రెండో ఏడాది కంపెనీ ఆఫర్ కింద ఇచ్చింది కావచ్చు, ఇన్ని రోజుల్లో రిజిస్టర్ చేస్తేనే అన్న షరతూ ఉండొచ్చు. సరుకు రకాన్ని బట్టి విడివిడిగా నియమాలు రాసి, ఒక్కో కంపెనీ నుంచి కొన్ని మోడళ్లు తీసి కార్డుతో చేత్తో సరిచూశాకే నడపండి. కుదరనివి, "లైఫ్‌టైమ్" అని ఉన్నవి, "కంపెనీ నిబంధనల ప్రకారం" అని ఉన్నవి పక్కకి తీసి పెట్టుకోండి. వాటి పేజీల్లో పైన అంకె ఏమీ లేకుండా "వారంటీ వివరాలు కంపెనీ నుంచి రావాల్సి ఉంది, కొనేముందు అడగండి" అని నంబర్ ఇవ్వండి. ఎక్కువ అమ్ముడుపోయే సరుకుతో మొదలుపెట్టండి, బ్యాటరీలు ముందు, ఎందుకంటే తప్పు అంకె వల్ల అక్కడ వచ్చే తేడా చాలా పెద్దది.